చూపు పదును ఎక్కడ తరుగుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో కంటిచూపు మీద ఆధారపడని పని దాదాపు లేదు. కరిగిన ఉక్కుతో నిండిన లాడిల్‌ను మోసుకెళ్లే క్రేన్ ఆపరేటర్, అంత ఎత్తు నుంచి కింద ఉన్న మనిషి చేతి సైగను పోల్చుకోవాలి. రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో తనిఖీదారు పట్టా తలమీద ఉన్న సన్నటి గీతను కూడా వదిలిపెట్టకూడదు. మెషిన్ షాపు ఫిట్టర్ వెర్నియర్ మీద ఏ గీత ఏ గీతతో కలిసిందో చెప్పాలి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ పనులు చేసినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు టౌన్‌షిప్ సెక్టార్లలోనూ ఖుర్సీపార్‌లోనూ పెరుగుతున్నారు. ఇలాంటి ఊళ్లో ఒకే ఇంట్లో తాతకు కంట్లో పొర రావడం, తండ్రికి చత్వారం రావడం, మనవడికి ఏడో తరగతిలోనే సైటు రావడం మామూలు విషయం. ఎందుకలా అని అడిగితే ఒకరు వంశం అంటారు, ఒకరు తిండి అంటారు, ఇంకొకరు కొలిమి వేడి అంటారు, ఇప్పుడైతే అందరూ ఫోన్ అంటారు. ఈ జవాబుల్లో ప్రతిదానిలోనూ కొంత నిజముంది. అయితే వీటన్నిటినీ ఒకచోట పెట్టి, ఏది ఎంత మేరకు నిజమో తూచి చూస్తే, నాకు కనిపించేది ఒక్కటే: మనిషి చూపు ఎంతవరకు వెళ్లగలదో ప్రకృతి ఒక హద్దు గీసింది. ఆ హద్దు అందరికీ దాదాపు దగ్గర దగ్గరగానే ఉంది. మనుషుల మధ్య మనం చూసే తేడాల్లో అధికభాగం ఆ హద్దు వల్ల వచ్చినవి కావు, దాన్ని చేరకముందే దారిలో తరిగిపోయినవి. తరిగిపోయే చోట్లు మనకు తెలుసు. వాటిలో చాలావాటిని బాగుచేయవచ్చు, కొన్నిటిని అసలు రాకుండా ఆపవచ్చు.

ముందు పదును అంటే ఏమిటో తేల్చుకోవాలి. 1862లో ఉట్రెక్ట్ నగరంలో హెర్మన్ స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల పట్టికే ఇవాళ్టికీ మన ఆస్పత్రి గోడల మీద ఉంది. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు. కంటి దగ్గర ఒక నిమిషం కోణం చేసే వివరాన్ని విడదీసి చూడగలిగితే ఆ చూపును 6/6 అంటాం. ఆరు మీటర్ల దూరంలో ఆ వరుస అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు, అందులోని ఒక్కో గీత మందం దానిలో ఐదో వంతు. 6/18 అంటే, మంచి చూపున్న మనిషి పద్దెనిమిది మీటర్ల నుంచి చదివేదాన్ని ఈ మనిషి ఆరు మీటర్లకు వచ్చి చదువుతున్నాడని. దీన్నే చేతిలోని పుస్తకానికి వర్తింపజేస్తే, నలభై సెంటీమీటర్ల దూరంలో ఒక నిమిషం కోణమంటే 0.12 మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ. ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఉండే ఒక చిన్న గీత. ‘ప’కూ ‘ష’కూ తేడా కూడా అలాంటిదే. ఆ గీత మందం ఈ కొలత కన్నా తగ్గితే తెలుగు చదివే కన్ను అక్షరాన్ని చూడటం మానేసి, వాక్యాన్ని బట్టి ఊహించడం మొదలుపెడుతుంది. చూపు మందగించిన పెద్దలు పేపరు బాగానే చదువుతూ, మందు డబ్బా మీద తెలియని పేరు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక ఆ హద్దు ఎక్కడుందో చూద్దాం. వెలుగు మొదట కార్నియాను తాకుతుంది. వెలుగును వంచే కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లయితే, అందులో 43 వరకు ఈ పారదర్శకమైన పొరదే. మిగతాది లోపలి లెన్సుది. ఈ రెండూ కలిసి కిరణాలను సరిగ్గా రెటీనా మీద కేంద్రీకరించాలంటే కనుగుడ్డు పొడవు వాటికి సరిపోవాలి. పెద్దవాళ్లలో అది దాదాపు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు పెరిగితే రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల వరకు మైనస్ పవర్ వస్తుంది. ఒక డయాప్టర్ తేడా చాలు, అద్దాలు లేని చూపు సుమారు 6/18కి పడిపోవడానికి. కార్నియా వంపు గానీ లెన్సు వంపు గానీ అన్ని వైపులా ఒకేలా లేకపోయినా బొమ్మ చెదురుతుంది. థామస్ యంగ్ 1801లోనే తన కంట్లో ఈ లోపాన్ని కొలిచాడు. వీటికి తోడు కనుపాప ఉంది. అది మరీ విప్పారితే లెన్సు అంచుల లోపాలన్నీ బొమ్మలోకి వచ్చిపడతాయి. మరీ కుంచించుకుపోతే వెలుగు తన అలల స్వభావం కొద్దీ చెదురుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు దగ్గర ఈ రెండు నష్టాలూ కలిపి అతి తక్కువ. రెండు మిల్లీమీటర్ల కనుపాపతో, ఆకుపచ్చ వెలుగులో, ఏ లోపమూ లేని కన్ను ఒక డిగ్రీలో అరవై పైచిలుకు జతల నలుపు తెలుపు గీతలను రెటీనాకు అందించగలదు. అంతకు మించి అందించడానికి భౌతికశాస్త్రం ఒప్పుకోదు.

రెటీనా వైపు నుంచి లెక్క వేసినా దాదాపు అదే అంకె వస్తుంది. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. వెలుగును పట్టే కణాల్లో దండ కణమన్నది ఒక్కటి కూడా లేని, శంకు కణాలు మాత్రమే ఉన్న చిన్న గుంట రెటీనా మధ్యలో ఉంది. దాని వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు. మన పదునైన చూపంతా అక్కడే. ఇక్కడ శంకు కణాలు ఎంత దగ్గరగా ఉంటాయో క్రిస్టీన్ కర్సియో బృందం 1990లో దానంగా వచ్చిన కళ్లలో లెక్కించింది. సగటున చదరపు మిల్లీమీటరుకు 1,99,000. కణానికీ కణానికీ మధ్య ఎడం అర నిమిషం కోణం. ఒక నల్ల గీతకు ఒక కణం, పక్క తెల్ల గీతకు ఇంకో కణం తప్పనిసరి కాబట్టి, డిగ్రీకి అరవై జతల దగ్గర ఈ అల్లిక కూడా చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి మెదడుకు వెళ్లే తంతువుల్లో ఈ మధ్యభాగానికి ఇచ్చినంత వాటా మరే భాగానికీ లేదు. కంటి అంచుల్లో వందల కణాల సమాచారం కలిసి ఒకే తంతువు మీద వెళితే, ఇక్కడ ఒక్కో శంకు కణానికీ సొంత దారి ఉంటుంది. ఇది కేవలం లెక్క కాదు, పరీక్షించి చూశారు. 1965లో క్యాంప్‌బెల్, గ్రీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లేజర్ కిరణాలతో సన్నటి చారలను కంటి లోపాలతో సంబంధం లేకుండా నేరుగా రెటీనా మీదే ఏర్పరచారు. లెన్సు ఎంత మంచిదైనా చెడ్డదైనా ఆ చారలకు ఒకటే. అయినా డిగ్రీకి అరవై దరిదాపుల్లో అవి మాసిపోయాయి. 1985లో డేవిడ్ విలియమ్స్ అంతకన్నా సన్నటి చారలు పెడితే, చూసేవాళ్లకు అసలు చారలకు బదులు లేని ముతక చారలు కనిపించాయి. కణాల అల్లిక తన శక్తికి మించినదాన్ని తప్పుగా చదివిందన్నమాట. 1997లో విలియమ్స్ బృందమే, నక్షత్రాలను చూసే టెలిస్కోపుల్లో వాడే అద్దాల పద్ధతితో కంటి లోపాలన్నిటినీ సరిచేసింది. దాంతో వెలుగు నీడల తేడా బాగా తేటపడింది. అయినా కణాల అల్లిక గీసిన గీతను దాటి ఎవరూ చూడలేరు. ఆ హద్దును స్నెల్లెన్ పట్టిక భాషలో చెబితే 6/3. ఆరోగ్యమైన యువకులు తగిన అద్దాలతో చదివేది 6/5 దగ్గర, కొందరు 6/4. మనం పూర్తి మార్కులుగా భావించే 6/6 నిజానికి హద్దులో సగమే.

అయితే ఆ హద్దు అందరికీ ఒకటేనా? కాదు. అదే 1990 లెక్కలో ఒకరికి చదరపు మిల్లీమీటరుకు లక్ష కణాలుంటే ఇంకొకరికి 3,24,000 ఉన్నాయి. మూడింతల తేడా వినగానే, పుట్టుకే అన్నీ నిర్ణయిస్తుందనేవాళ్ల మాట గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ చూపు పదును కణాల మధ్య ఎడాన్ని బట్టి ఉంటుంది. సంఖ్య మూడింతలైతే ఎడం తగ్గేది సుమారు ఒకటి ముప్పావు రెట్లు మాత్రమే. అంటే పట్టికలో రెండు మూడు వరుసలు. కణాలు ఎక్కువైతే చూపు తప్పకుండా పెరుగుతుందనడానికి కూడా లేదు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, మైనస్ పవర్ ఉన్న పొడవాటి కళ్లలో ఒక్కో డిగ్రీకి వచ్చే శంకు కణాలు మామూలు కళ్లకన్నా ఎక్కువే ఉన్నాయని తేలింది. అయినా అద్దాలు పెట్టాక వాళ్ల చూపు మామూలు వాళ్లకన్నా పదునుగా ఏమీ లేదు. కాలువ మొదట్లో నీళ్లు సమానంగా వదిలినా, చివరి ఆయకట్టుకు చేరేది దారిలో గండి ఎక్కడ పడిందన్నదాన్ని బట్టే. చూపుకూ అంతే. వంశం తేడా తెచ్చేది కొన్ని వరుసలైతే, దారిలో పడే గండి పట్టికనే మింగేస్తుంది.

ఈ హద్దు మాటను వెర్నియర్ పట్టుకున్న ఫిట్టర్ ఒప్పుకోకపోవచ్చు. అతని అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి నిలిచి చూడాలి. 0.02 మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ క్యాలిపర్‌ను పాతిక సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఆ 0.02 కంటి దగ్గర చేసే కోణం నిమిషంలో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ. శంకు కణాల మధ్య ఎడాన్ని అదే దూరానికి లెక్కిస్తే 0.036 మిల్లీమీటర్లు. అంటే పై గీత, కింది గీత కలిశాయో లేదో చెప్పే ఫిట్టర్ తన రెటీనా కణాల ఎడం కన్నా చిన్న తేడాను చూస్తున్నాడు. ప్రయోగశాలలో ఇదే పరీక్ష పెడితే మనుషులు సుమారు ఐదు సెకన్ల కోణం వరకు చెప్పగలిగారు. నిమిషంలో పన్నెండో వంతు. జెరాల్డ్ వెస్ట్‌హైమర్ 1975లో దీనికి అతి సూక్ష్మ చూపు అనదగ్గ పేరు పెట్టాడు. దీంతో హద్దు చెరిగిపోయినట్టు కాదు, ప్రశ్న మారింది. పట్టికలో అడిగేది, రెండు గీతలు వేరువేరుగా ఉన్నాయా అని. వాటి మధ్య ఒక కణమైనా ఖాళీగా ఉండాలి. వెర్నియర్‌లో అడిగేది, ఈ గీత కచ్చితంగా ఎక్కడుందని. ఒక గీత వెలుగు ఒకే కణం మీద పడదు, కొన్ని కణాల మీద పరుచుకుంటుంది. ఏ కణం ఎంత వెలుగు అందుకుందో పోల్చి, దాని మధ్యబిందువును మెదడు లెక్కగడుతుంది. కణాలు ముతకగా ఉన్నా లెక్క సన్నగా రావచ్చు. కనుగుడ్డు ఒకచోట నిలకడగా ఉండదు, మనకు తెలియకుండానే సన్నగా వణుకుతుంటుంది. ఆ వణుకు వల్ల సూక్ష్మమైన వివరం మరింత బాగా కనిపిస్తుందని 2007లో మిఖేలే రుచ్చి బృందం చూపించింది. కాబట్టి ఫిట్టర్ నైపుణ్యం నిజమైనదే. అది అభ్యాసంతో పెరుగుతుంది కూడా. కానీ దానికి ముడిసరుకు రెటీనా మీద తేటగా పడ్డ బొమ్మే. చత్వారం వచ్చి గీతలు అలికినట్టయిన రోజున, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా ఆ లెక్క కుదరదు.

అడవుల్లో ఉండేవాళ్ల చూపు గురించిన నమ్మకం కూడా ఇలాంటిదే. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీలది డేగ చూపని అంటుంటారు. నిజమైన డేగ జాతి పక్షుల సంగతి వేరు. ఆస్ట్రేలియా గద్ద ఒకటి డిగ్రీకి 140 జతల వరకు విడదీయగలదని పరీక్షల్లో తేలింది, మనకు రెట్టింపు కన్నా ఎక్కువ. మనిషి విషయంలో తొలి జాగ్రత్తైన పరీక్షల్లో ఒకటి 1898లో టోరెస్ జలసంధి దీవుల్లో జరిగింది. కేంబ్రిడ్జి యాత్రతో వెళ్లిన రివర్స్ అక్కడివాళ్ల చూపు ఐరోపావాళ్లకన్నా కొంత మెరుగనీ, కథల్లో చెప్పినంత అద్భుతమేమీ కాదనీ తేల్చాడు. దూరపు పడవను వాళ్లు ముందుగా గుర్తుపట్టడానికి, ఏం చూడాలో తెలిసి ఉండటం పెద్ద కారణమన్నాడు. 1981లో కంటి వైద్యుడు హ్యూ టేలర్ ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చూపు నిజంగానే మెరుగని చూపాడు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు. ఆరుబయట పెరిగినవాళ్ల కనుగుడ్డు అంతగా పొడవెక్కదు, అందువల్ల తమ హద్దుకు దగ్గరగా ఉంటారు. ఆపైన అలవాటు తోడవుతుంది.

గండి పడే మొదటి చోటు బాల్యం. కన్ను తెచ్చిన బొమ్మను చదవడం మెదడు పుట్టీ పుట్టగానే నేర్చుకుని రాదు. హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల ఒక కన్ను మూసి పెంచి చూపిన సంగతి ఇది: ఆ కీలకమైన వారాల్లో బొమ్మ అందని కంటికి మెదడులో చోటు దక్కదు. తరవాత కన్ను తెరిచినా ఆ చోటు మళ్లీ తేలిగ్గా రాదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మనుషుల్లో ఈ గడువు వారాలు కాదు, ఏళ్లు. ఒక కంటికి పవర్ ఎక్కువై, ఇంకో కంటికి తక్కువైన పిల్లవాడు రెండు కళ్లతో బాగానే చూస్తుంటాడు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. బలహీనమైన కంటిని మెదడు పక్కన పెట్టేస్తుంది. పదిహేనేళ్ల తరవాత ఉద్యోగ పరీక్షలో ఒక కన్ను మూయమన్నప్పుడు బయటపడుతుంది, అప్పుడు ఏ అద్దమూ పూర్తి చూపు తేలేదు. పుట్టు శుక్లాలతో పెరిగి ఎనిమిదేళ్లు దాటాక ఆపరేషన్ జరిగిన భారతీయ పిల్లలను పవన్ సిన్హా బృందం పరిశీలించింది. వాళ్లు చూడటం నేర్చుకున్నారు, ముఖాలను పోల్చుకోగలిగారు. పదును మాత్రం పూర్తిగా రాలేదు. ఆశ వదులుకోనక్కర్లేదనీ, ఆలస్యానికి వెల ఉంటుందనీ ఈ ఒక్క పరిశోధనే రెండూ చెబుతోంది. ఒకటో తరగతిలో ఒక్కో కన్నూ విడిగా మూసి చేసే పరీక్షకు ఉన్న విలువ, ఆ తరవాత చేసే ఏ పరీక్షకూ లేదని నా అభిప్రాయం.

రెండో చోటు కొలిమి. భిలాయి వంటి ఊరు ఈ ప్రశ్నకు ఇచ్చే సొంత పాఠం ఇక్కడుంది. ద్రవ ఉక్కు వేడి సుమారు 1,600 డిగ్రీల సెల్సియస్. ఆ వేడి వద్ద వెలువడే కిరణాల్లో అన్నిటికన్నా బలమైనవి 1.5 మైక్రోమీటర్ల దగ్గర ఉంటాయి. మన కంటికి కనిపించేది 0.4 నుంచి 0.7 వరకే. అంటే కళ్లు జిగేలుమనిపించే ఆ తెల్లటి వెలుగు, ఉక్కు విసిరే శక్తిలో చిన్న భాగం. మిగతాది కనిపించని పరారుణం. అందులో 1.4 మైక్రోమీటర్ల లోపుది కార్నియాను దాటి నల్లగుడ్డునూ దాని వెనకున్న లెన్సునూ వేడెక్కిస్తుంది. లెన్సుకు రక్తనాళాలు లేవు కాబట్టి ఆ వేడిని పంపించేసే దారి కూడా లేదు. వేడి నేరుగా లెన్సులో దిగుతుందని ఫోగ్ట్ అనే కంటి వైద్యుడు, నల్లగుడ్డు నుంచి లెన్సుకు పాకుతుందని గోల్డ్‌మన్ అనే మరో వైద్యుడు వాదించారు. దెబ్బ తగిలేది లెన్సుకేనన్న దాంట్లో వాళ్లకు భేదం లేదు. బ్రిటన్‌లో కర్మాగారాల వైద్య తనిఖీదారు థామస్ లెగ్ 1907లోనే గాజు సీసాలు తయారుచేసేవాళ్ల శుక్లాల మీద నివేదిక రాశాడు. 1984లో స్వీడన్‌లో లీడాల్ అనే పరిశోధకురాలు, ఎన్నో ఏళ్లు గాజు కొలుముల ముందు పనిచేసిన వాళ్లను పరీక్షించి, వాళ్లకు చూపు తగ్గించే శుక్లాలు మిగతావాళ్లకన్నా స్పష్టంగా ఎక్కువని చూపించింది. కొలిమి ముందు వాడే కోబాల్ట్ నీలి అద్దం గురించి ఒక మాట చెప్పాలి. పసుపు జిగేలును అది నరికేస్తుంది, కరిగిన లోహం ఉపరితలం విడిగా కనిపిస్తుంది, వేడి అంచనా కుదురుతుంది. కానీ నీలి రంగు ఒక్కటే పరారుణాన్ని ఆపదు. ఆపడానికి ప్రత్యేకంగా చేసిన గాజో పూతో ఉండాలి. కంటికి హాయిగా ఉంది కాబట్టి రక్షణ ఉందనుకోవడం ప్రమాదం. దీనికి ఎదురు వాదన ఉంది: శుక్లాలు వయసుతో అందరికీ వస్తాయి, ఎండలో పనిచేసే రైతుకూ వస్తాయి, కొలిమినే ఎందుకు నిందించాలని. ఏ ఒక్క కార్మికుడి శుక్లం కొలిమి వల్లే వచ్చిందని తేల్చడం కష్టం, ఒప్పుకుంటాను. ఒక సమూహంలో ముందుగా, ఎక్కువగా రావడానికి వేడి కారణమవుతుందన్నది మాత్రం వందేళ్ల పరిశీలనల్లో నిలిచిన సంగతి. సరైన కళ్లద్దాలతో ఆపగలిగినప్పుడు, వయసు పేరు చెప్పి వదిలేయడానికి కారణం కనిపించదు.

ఈ గండ్లలో ఏది ఎంత పెద్దదో తెలుసుకోవడానికి తెలుగు నేల మీదే మంచి ఆధారం ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాల్లోనూ అన్ని వయసులవాళ్లను 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు. 16.3 శాతానికి కారణం దృష్టి దోషాలు, వాటిలో చాలావాటికి సరైన కళ్లజోడే మందు. రెండూ కలిపితే అరవై శాతం. రెటీనా జబ్బులు, నీటికాసులు, కార్నియా మచ్చలు మిగతా భాగం. చూపుకు అసలు హద్దు గీసేది రెటీనా అయినా, చూపు పోగొట్టేవాటిలో దాని వాటా పదో వంతుకు అటూ ఇటూ. ఈ ఒక్క పోలిక నా వాదానికి అన్నిటికన్నా బలమైన ఆధారం. కార్నియా మచ్చల్లో కొన్ని ఒకప్పుడు ఎ విటమిన్ కొరత వల్ల వచ్చినవి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన పునాదిగా 1970లో పిల్లలకు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇవ్వడం మొదలయ్యాక, రేచీకటి, కార్నియా కరిగిపోవడం వంటి కేసులు అరుదయ్యాయి. మునగాకు, బొప్పాయి, గుడ్డు చూపుకు మేలన్న పెద్దల మాట ఆ కొరత ఉన్న పిల్లల విషయంలో అక్షరాలా నిజం. కొరత లేని పిల్లవాడి మైనస్ పవర్‌ను మాత్రం ఏ ఆకుకూరా తగ్గించదు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరా కళ్లజోళ్లు పంచడం, ఆ 16.3 శాతానికి ఇచ్చిన సూటి జవాబు.

పిల్లల మైనస్ పవర్ ఇప్పుడు అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్న గండి. ఒకే పద్ధతిలో జరిగి, 2002లో వెలువడిన రెండు పరిశీలనల్లో మహబూబ్‌నగర్ గ్రామాల ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఈ దోషం 4.1 శాతం ఉంటే, ఢిల్లీ నగరంలో ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో 7.4 శాతం ఉంది. వంశం వల్లే అనేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పెరుగుతున్న చైనా జాతి పిల్లలను, ఆరేడేళ్ల వాళ్లను, 2008లో పోల్చారు. సిడ్నీలో 3.3 శాతం మందికి, సింగపూర్‌లో 29.1 శాతం మందికి దోషముంది. తల్లిదండ్రుల జాతి ఒకటే. సిడ్నీ పిల్లలు చదవడం తక్కువ అనుకోవడానికీ లేదు, పుస్తకాలు వాళ్లే ఎక్కువ చదివారు. తేడా ఆరుబయట గడిపే సమయంలో ఉంది: సిడ్నీలో వారానికి 13.75 గంటలు, సింగపూర్‌లో 3.05 గంటలు. ఇది కాకతాళీయం కావచ్చన్న సందేహాన్ని గ్వాంగ్జౌ ప్రయోగం చాలావరకు తీర్చింది. అక్కడి కొన్ని బడుల్లో రోజుకు నలభై నిమిషాల బయటి పీరియడ్ పెంచితే, మూడేళ్లలో కొత్తగా దోషం వచ్చినవాళ్లు మిగతా బడుల్లో 39.5 శాతం ఉండగా ఆ బడుల్లో 30.4 శాతమే ఉన్నారు. పగటి వెలుగు రెటీనాలో డోపమైన్ విడుదలను పెంచి కనుగుడ్డు సాగడాన్ని నెమ్మదింపజేస్తుందని జంతువుల మీది ప్రయోగాలు సూచిస్తున్నాయి. వంశానికి పాత్ర లేదని ఎవరూ అనరు. తల్లిదండ్రులిద్దరికీ మైనస్ పవర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఒక తరంలో ఇంతింత మారిపోయేదాన్ని జన్యువుల మీదికి నెట్టలేం, జన్యువులు అంత వేగంగా మారవు. ఐఐటీ ప్రవేశాలకు పేరుపడ్డ భిలాయిలో బడి నుంచి కోచింగ్‌కూ, కోచింగ్ నుంచి టేబుల్ దీపం దగ్గరికీ సాగే పిల్లల దినచర్యలో ఎండ కనిపించే గంట ఏదన్నది వైద్యులకన్నా ముందు తల్లిదండ్రులు వేసుకోవాల్సిన ప్రశ్న. విశాలమైన మైదానాలూ చెట్ల నీడ రోడ్లూ ఉన్న టౌన్‌షిప్ ఇది. నీడలో ఉన్నా సరే, బయటి వెలుగు గదిలోని దీపం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

కంటి వ్యాయామాలతో, దీపం వైపు రెప్పవాల్చకుండా చూడటంతో సైటు పోతుందని చెప్పేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. అమెరికాలో విలియం బేట్స్ 1920లో ఇలాంటి మాటే పుస్తకంగా రాశాడు. ఈ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయను, ఎందుకంటే సాధన చేసినవాళ్లు పట్టికలో ఒకటి రెండు వరుసలు ఎక్కువ చదివిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. మసకబారిన అక్షరాన్ని ఊహించడంలో మెదడు ఆరితేరుతుంది, అది విలువైన సంగతే. అయితే పొడవెక్కిన కనుగుడ్డు ఏ వ్యాయామంతోనూ పొట్టిది కాదు. సాధన పేరుతో పిల్లవాడి కళ్లజోడు తీసేయించడం, ముందే చెప్పిన బాల్యపు గడువును వృథా చేయడమే.

పట్టిక కూడా అన్నీ చెప్పదు. తెల్ల కాగితం మీద నల్లటి అక్షరం జీవితంలో అరుదు. సంధ్యవేళ బూడిదరంగు రోడ్డు మీద బూడిదరంగు చీర కట్టుకున్న మనిషిని గుర్తించడానికి కావలసింది వెలుగు నీడల సన్నటి తేడాను పట్టే శక్తి. శుక్లం మొదలైన కంటిలో 6/9 ఉండగానే ఇది బాగా తగ్గిపోవచ్చు. మనిషి తన చూపు బాగా లేదంటాడు, పట్టిక బాగానే ఉందంటుంది. అలాంటప్పుడు మనిషినే నమ్మాలి. చత్వారం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నలభై దాటాక లెన్సు బిగుసుకుపోయి దగ్గరి చూపు పోతుంది, ఆరు మీటర్ల పట్టికలో ఇది బొత్తిగా తెలియదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలతో జరిగిన ప్రయోగం 2018లో వెలువడింది. వాళ్లలో సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ముందే ఇచ్చారు. అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే వాళ్ల రోజువారీ కోత 21.7 శాతం ఎక్కువగా పెరిగింది. చదువుతో సంబంధం లేని, చేతులతో ఆకు తుంచే పనిలోనే ఇంత తేడా వస్తే, 0.02 మిల్లీమీటర్ల గీతలు చదివే ఫిట్టర్‌కు, కేబుల్ చివర రంగులు కలిపే ఎలక్ట్రీషియన్‌కు, మిషన్ మీద బట్టలు కుట్టే ఆడవాళ్లకు ఎంత తేడా వస్తుందో ఊహించవచ్చు. కాబట్టి నలభై దాటిన ప్రతి కార్మికుడికీ దూరపు పట్టికతో పాటు నలభై సెంటీమీటర్ల దగ్గర చిన్న అక్షరాల కార్డు కూడా చదివించాలి. కొలిమి షాపుల్లో పనిచేసిన వాళ్లకు పదవీ విరమణ తరవాత కూడా ఏడాదికోసారి లెన్సు పరీక్ష సాగాలి. కాంట్రాక్టు కార్మికులు కూడా అదే కొలిమి ముందు నిలబడతారు, ఈ పరీక్షలు వాళ్లకూ అందాలి.